ఆయన ‘మనం’లో ఎవరెవరు

ఇంతసేపు లోపల ఏం చెబుతున్నట్టు? రెండు ముక్కల్లో తేలిపోయే దానికి పురాణం విప్పుకుని కూర్చున్నాడా ఏమిటి ఈ మనిషి, అనుకుంది ఆపరేటరమ్మ, అనుకుని మూసిన తలుపు వంక మళ్ళీ చూసింది. తలుపుకి అద్దమైతే ఉంది గానీ గరుకద్దం, మనిషి నీడ తప్ప మొహం తెలియదు. ఆ నీడైనా కదిలితేగా. లోపలున్నది ఆమె మొగుడు. మొగుడు అనే మాట ఆమెకింకా కొత్త చెప్పులా కరుస్తూనే ఉంది, అరవై దాటాక చేసుకున్న పెళ్ళి మరి. విదేశంలో స్థిరపడ్డ అక్క ఎప్పుడో, ఈమె జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో, చెల్లెల్ని తన దగ్గరికి రప్పించుకుందామని పెట్టిన దరఖాస్తు నత్తనడక నడిచి నడిచి, దాన్నందరూ మరిచిపోయాక, ఇప్పుడు గుమ్మం దాకా వచ్చింది. చెల్లెలు వెళ్ళొచ్చు, ఆవిడ భర్తా వెళ్ళొచ్చు, ఇక తిరిగి రానక్కర్లేకుండా అక్కడే ఉండిపోవచ్చు. ఒక్కటే మెలిక. అది నిజం పెళ్ళా, వీసా కోసం చేసుకున్న పెళ్ళా అన్నది ఇక్కడి వీసా ఆఫీసరు తేల్చాలి. అందుకే ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. ముందు ఆయన్ని, తరవాత ఈమెని. ఆఫీసరు సంగతి సరే, ఆపరేటరమ్మకే అది తేలి చావలేదు. తనకి నమ్మకం లేనిదాన్ని ఎదుటివాళ్ళచేత నమ్మించాలి, అదీ ఇవాళ్టి పని.

పక్క కుర్చీలో ఒకావిడ ఇందాకట్నుంచీ మాట కలపాలని చూస్తోంది. రిటైరైన లెక్కల టీచరట, అడక్కుండానే చెప్పేసింది. పెన్షన్ దారిలో వెళుతోందట. మీరూ మీ ఆయనా కలిసేనా అని ఆరా. నేను వెళ్తున్నానండీ, అంది ఆపరేటరమ్మ, ఆ తరవాత ముక్క మింగేసింది. టీచరు ఆ మింగిన ముక్కని కనిపెట్టినట్టే చూసింది, లెక్క తప్పు చేసిన పిల్లని చూసినట్టు. చూస్తే చూడనీ. పెన్షన్ దారి, పెట్టుబడి దారి, పిల్లలుంటే పిల్లల దారి, తోబుట్టువుల దారి, వీసా ఏజెంటు తన గోడ మీద పెద్ద పటమే వేలాడదీశాడు, పెద్దవాళ్ళకి ఎన్నెన్ని దారులో అని. దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి దారికీ ఓ కంచె. చదువుకి మార్కులిస్తారట, వయసుకి కోసేస్తారట. ఇన్నాళ్ళు బతికినందుకు కోత! ఆ పటం ముందు నిలబడే కదా ఆ రోజు ఏజెంటు పళ్ళికిలించాడు, మీ ఆయన నాకు పాత పరిచయమేనమ్మా, అని. పాత పరిచయం అంటే ఎంత పాత? పెళ్ళికి ముందే ఈయన అక్కడికొచ్చి, ఏ దారీ లేదా బాబూ అని అడిగాడట. మీ వయసుకి, మీ పనికి, ఏ దారీ లేదు, దారి ఉన్నావిడెవర్నైనా పెళ్ళి చేసుకుంటే తప్ప, అని ఏజెంటు హాస్యమాడాడట. హాస్యమే, ఎవరు కాదన్నారు. కొన్ని హాస్యాలు చెవిలో పడి మొలకెత్తుతాయి. ఆపరేటరమ్మ ఆ రోజు నవ్వింది, ఈయనా నవ్వాడు, ఇంటికొచ్చాక ఇద్దరిలో ఒక్కరూ ఆ ఊసెత్తలేదు.

తమ్ముడు పెళ్ళికి ముందే అన్నాడు. నీ కోసం కాదక్కా, నీ వీసా కోసం. అన్నం తింటూ, తలెత్తకుండా, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. తమ్ముడి మాటంటే ఆమెకి గౌరవం లేదు. తమ్ముడింట్లో ఎన్నాళ్ళుందో అన్నాళ్ళూ విన్న మాట ఒక్కటే, మేం బయటికెళ్తున్నాం, నువ్వు తలుపేసుకో. మేం సినిమాకెళ్తున్నాం, మేం పెళ్ళికెళ్తున్నాం, మేం అనుకున్నాం, మేం నిర్ణయించాం. ఆ మేం అనే మాట ఆమె మొహం ముందు మూసుకునే తలుపు. అటువాళ్ళంతా అటు, తనొక్కతే ఇటు. ఆపరేటరు ఉద్యోగంలోనూ అంతే, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పక్క సీటు అమ్మాయిలందరికీ ఒక్కో మేం ఉండేది, సెలవులొస్తే మేం ఊరెళ్తున్నాం అని ఆ రోజుల డ్యూటీ ఈమె నెత్తిన పెట్టేవాళ్ళు. అందుకే తమ్ముడన్న మాటని తీసిపారేసింది. తీసిపారేసిన మాట పోదు కదా, చీపురికందని మూల నక్కుతుంది. ఇప్పుడు ఈ చల్లటి హాల్లో, ఈ ఇనప కుర్చీలో, మెల్లిగా బయటికొచ్చి ఎదురుగా కూర్చుంది.

అసలు మొదలే కోటుతో మొదలైంది. ఒళ్ళో ఉన్న ఈ కోటే. అక్కడ చలి కొరికేస్తుంది అని అక్క తన పాత కోటు పంపింది. అక్క ఆజానుబాహువు, ఈమె పిట్ట. చేతులు వేళ్ళు దాటి వేలాడుతుంటే వీధి చివర దర్జీ కొట్టుకి పట్టుకెళ్ళింది. ఎక్కడికి మేడం ఇంత కోటు, అన్నాడు దర్జీ, అంటే ఈయనే. విదేశం, మా అక్క దగ్గరికి, వీసా వస్తే, అంది. అదీ సంగతి! మొదటి రోజు, మొదటి మాటలోనే తన నోటితో తనే చెప్పేసింది. నోరా వీపుకు చేటు తేకే అని ఊరికే అన్నారా. అప్పుడతను మెడలో టేపు తీసి, భుజం నుంచి మణికట్టు దాకా కొలిచి, అంటాడు కదా, చేతులు మనం కొంచెం పైకి తీద్దాం, గుడ్డ మాత్రం కత్తిరించొద్దు, లోపలికి మడుద్దాం, రేపు మళ్ళీ కావాలంటే విప్పుకోవచ్చు. మనం. ఆ మనం ఆమెకి చెవిలో చక్కెర పోసినట్టుంది. అరవై ఏళ్ళొచ్చినా ఎవరూ ఏ పనిలోనూ తనని కలుపుకుని మనం అన్న పాపాన పోలేదు. మనం కాలరు ముట్టుకోవద్దు. మనం నడుం దగ్గర కాస్త బిగిద్దాం. తరవాత్తరవాత, మనం ఓ టీ తాగుదామా. ఇంకొన్నాళ్ళకి, మేడం, మీకభ్యంతరం లేకపోతే, మనం. అంతే, ఆ మనం దగ్గర ఆగిపోయాడు, మిగతాది చెప్పలేక టేపు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. వాక్యం ఈమే పూర్తి చేసుకుంది. అదే తప్పేమో. సగం మాట విని మిగతా సగం తనే కట్టుకోవడం ఎక్స్ఛేంజి రోగం.

ఆ రోగమే మొన్న పొద్దున్న మళ్ళీ తిరగబెట్టింది. ఈమె వంటింట్లో ఉంది, ఆయన ముందు గదిలో ఫోన్లో ఉన్నాడు, గొంతు తగ్గించి. గొంతు తగ్గించాడంటేనే చెవి పెరుగుతుంది. ఆవిడకి చెప్పొద్దు, అన్నాడు. చిన్నవి ఇక లాభం లేదు, పెద్దవే కావాలి, అన్నాడు. మనం ఇద్దరం కానిచ్చేద్దాం, రేపటికల్లా అయిపోవాలి, తీరా ఆఫీసులోకెళ్ళాక ఇబ్బంది పడకూడదు. ఈమె గరిట పట్టుకుని అలా నిలబడిపోయింది. ఆవిడ అంటే తనే, అందులో సందేహం లేదు. చిన్నవి, పెద్దవి అంటే? ఎక్స్ఛేంజిలో ఉన్నప్పుడు దొంగసరుకు వ్యాపారులు ఇలాగే మాట్లాడుకునేవాళ్ళు, కొబ్బరికాయలు రెండు రకాలొచ్చాయి, పిల్ల బాగుంది, పెద్దదానికి జ్వరం, అని. కొబ్బరికాయలంటే కొబ్బరికాయలు కాదని హెడ్‌ఫోన్ పెట్టుకున్న పిల్లలందరికీ తెలుసు. అయినా చిన్నదీ పెద్దదీ ఏదైతేనేం, ఆమెని గుచ్చింది ఆ మనం. మనం ఇద్దరం. మనం అంటే మాట్లాడేవాడూ వినేదీ. వినేదో వినేవాడో! ఈమె అందులో లేదు. మేం ఇద్దరం కానిచ్చేస్తాం అని ఉంటే అది ఆయనా తనూ అయ్యేది. మనం అన్నాడు, అంటే ఆ ఫోనవతలి ప్రాణితో కలిపి. మరి ఆ ఫోనవతలున్నది ఎవరు? ఏజెంటా? ఆయన చెల్లెలా? పోయిన మొదటి భార్య తాలూకు ఎవరైనానా? అక్కడికి చేరాక ఈమెని అక్క గుమ్మంలో దింపేసి ఆ మనం వేరే దారి పట్టదు కదా? పోనీ అడిగేద్దామా అనుకుంది. అడిగితే అబద్ధం చెబుతాడని భయం, అంతకన్నా నిజం చెబుతాడని భయం. గరిట గిన్నెలో పెట్టి నీళ్ళు తాగింది.

పెళ్ళయి ఇన్నాళ్ళైనా ఇంకా మీరు అంటాడు. మీరు తిన్నారా, మీరు పడుకోండి, మీ చేతి నొప్పి ఎలా ఉంది. కలిసుండేవాడు నువ్వులోకి దిగడా? బేరానికొచ్చిన మనిషికిచ్చే మర్యాద ఇంట్లో ఎందుకు? రైలు పెట్టెలో పక్క సీటువాళ్ళతో ఎంత స్నేహమైనా మీరు అనే అంటాం, స్టేషనొస్తే దిగిపోతాం కనక. అబ్బ, ఏం చలి. ఈ ఏసీ యంత్రాన్ని ఇంత పెట్టి మనుషుల్ని గడ్డకట్టించడం ఎందుకో, అక్కడి చలికి ఇక్కడే తర్ఫీదు కాబోలు. ఆపరేటరమ్మ కోటు తొడుక్కుంది, గుండీలు కింది నుంచి పైదాకా టకటకా పెట్టేసుకుంది, చేతులు జేబుల్లో దోపుకుని మళ్ళీ తలుపు చూసింది. నీడ కదిలింది. చెయ్యి ఊపుతున్నాడు. ఏం వర్ణిస్తున్నాడు చేతులూపి?

కోటు బాగుందండీ, అంది లెక్కల టీచరు. ఆ గుండీలు మరీ బాగున్నాయి, ఈ మధ్య అంత పెద్దవి దొరకడం లేదు, నా వేళ్ళకీ అలాంటివే కావాలి.

ఆపరేటరమ్మ వంగి చూసుకుంది. అక్క కోటుకి ఉండేవి చిన్న గుండీలు, బఠాణీ గింజలంత. చలిరోజుల్లో కీళ్ళు బిగుసుకుపోయిన తన వేళ్ళకి అవి చిక్కేవి కావు, ఒక్కోటి పెట్టుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ఎవరికీ చెప్పలేదు. ఇవి గోధుమరంగువి, మందంగా, అంచు పైకి లేచి, వేలికి వాటంగా తగిలేవి. పెద్ద గుండీలకి పాత కాజాలు చాలవు, అంటే కాజాలు కూడా కొత్తగా తెరిచి కుట్టారు, దారం ఇంకా మెరుస్తోంది. ఆ కాజాలు ఈయన కుట్టడు, ఈయన కళ్ళకి ఆనవు, వెనక వీధిలో కాజాలాయన చేత కుట్టిస్తాడు. చిన్నవి లాభం లేదు, పెద్దవే కావాలి. మనం ఇద్దరం కానిచ్చేద్దాం. ఆఫీసులోకెళ్ళాక ఇబ్బంది పడకూడదు. ఓరి దేవుడా, అనుకుంది ఆపరేటరమ్మ, కొబ్బరికాయలంటే కొబ్బరికాయలే.

మొహం వేడెక్కింది, ఓ క్షణం నవ్వొచ్చింది. కానీ అనుమానం అంత తేలిగ్గా కుర్చీ ఖాళీ చేస్తుందా? కాస్త పక్కకి జరిగి మళ్ళీ సర్దుకు కూర్చుంది. ఎక్కబోయే బండి చక్రాలకి నూనె ఎవరైనా పెట్టుకుంటారు. ఈమె లేకపోతే ఆయనకి వీసా లేదు, కనక ఈమెని చలికి వదలడు. అదీగాక ఇంకో మెలిక పడింది. కాజాలాయన ఎక్కడికీ వెళ్ళడం లేదు, ఎవరికీ ఏమీ కాడు, అతన్ని కూడా మనం అన్నాడు. కూరగాయలవాడితోనూ అంటాడు, మనం ఇవాళ వంకాయలొద్దనుకుందాం, అని. కొట్టుకొచ్చే ప్రతి లావాటాయనతోనూ అంటాడు, మనం పొట్ట దగ్గర కాస్త వదులిద్దాం, అని. ఆయన మనం ఊరుమ్మడి చావడి, దారినపోయే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అలాంటప్పుడు తనతో అన్న మనానికి మాత్రం విలువేమిటి? చేతులు మనం పైకి తీద్దాం, మనం ఓ టీ తాగుదామా, మనం. ఇన్నాళ్ళూ చక్కెరనుకున్నది వృత్తి మాటా? ఇందాకటిదాకా ఆ మనంలో తను లేదని ఏడుపు, ఇప్పుడు అందరూ ఉన్నారని ఏడుపు. కొత్త గుండీ ఒకటి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది, అది చల్లగా నున్నగా తిరుగుతోంది.

తలుపు తెరుచుకుంది. దర్జీ బయటికొచ్చాడు. నెత్తిన పెట్టుకున్న బరువేదో దించేసి, ఆ దించిన చోటు తప్పేమోనని వెనక్కి చూసుకుంటున్న మనిషిలా ఉన్నాడు. ఈమె కళ్ళలోకి చూడలేదు. పక్కనుంచి వెళుతూ, మీరు వెళ్ళండి, పిలుస్తున్నారు, అన్నాడు. కళ్ళలోకి చూడలేదంటే ఏదో చేశాడు. ఆపరేటరమ్మ లేచి లోపలికెళ్ళింది.

గదిలో ఓ బల్ల, దాని వెనక ఆఫీసరు, నడివయసు మనిషి, వాళ్ళ భాష తప్ప రాదు. పక్కన మన భాష వచ్చిన అమ్మాయి, అటు మాట ఇటు, ఇటు మాట అటు చేర్చే మనిషి. ఎక్స్ఛేంజిలో ప్లగ్గులు కలిపే పనే, అనుకుంది ఆపరేటరమ్మ, ఆ పిల్ల మీద కాస్త జాలి కలిగింది. మొదట చిన్న చిన్నవి అడిగారు. రాత్రి కిటికీ వైపు ఎవరు పడుకుంటారు, ఆయనకి ఏ చెవి సరిగా వినిపించదు, పొద్దున్న ముందెవరు లేస్తారు. చెప్పింది. అన్నీ సరిపోయినట్టున్నాయి, ఆఫీసరు తలాడించాడు. తరవాత పెన్ను బల్ల మీద పెట్టి ఏదో చెప్పాడు, అమ్మాయి కాస్త తటపటాయించింది.

మీ ఆయన అన్న మాటలు ఆయన అన్నట్టే మీకు వినిపించమంటున్నారమ్మా, అంది. ముందే చెబుతున్నా, ఆయన మాట పట్టుకోవడం నాకు కష్టమైంది, ఆఫీసరుగార్నీ నన్నూ కూడా కలిపేసుకున్నారు, అక్కడికెళ్ళాక మనం చిన్న కొట్టు పెట్టుకుందాం, అని.

చూశావా, అనుకుంది ఆపరేటరమ్మ, ఆఫీసర్ని కూడా వదల్లేదు. చావడిలో ఇంకో ఇద్దరు.

మీకు అక్కడ అక్కగారున్నారని తెలిసే మీకు దగ్గరయ్యారట, అంది అమ్మాయి, బల్ల వంక చూస్తూ. కాదంటే అబద్ధమవుతుంది అన్నారు. ఆయన మొదటి భార్య పోయాక ఆవిడకి తను కుట్టిన బట్టలన్నీ ఎవరెవరికో పంచేశారట. ఏ వీధిలోకెళ్ళినా ఆ బట్టల్లో ఎవరో ఒకరు ఎదురయ్యేవారట. గళ్ళకోటు ఒకటి బస్సు స్టాపులో వెనక నుంచి కనబడితే ఆయన పరిగెత్తుకెళ్ళి మొహం చూసి, క్షమించమని వెనక్కొచ్చారట. అందుకే ఈ ఊరొదిలి ఎంత దూరమైనా పోదామనుకున్నారట, దారి దొరక్క, మీరు కనబడితే, దారి కనబడిందనుకున్నారట.

ఆపరేటరమ్మ వేలు కోటు గుండీ మీదికి పోయింది. అనుమానం నిజమైతే గుండె పగులుతుందనుకుంది. పగల్లేదు. ఎన్నాళ్ళుగానో తెలిసిన మనిషి కొత్తగా పేరు చెప్పుకున్నట్టుంది. నమ్మించడానికి పంపితే, తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకుని వచ్చాడే! దారి కోసం పెళ్ళి చేసుకున్నవాడు దారికడ్డంగా తనే బండ దొర్లించుకుంటాడా? అందుకా కళ్ళెత్తి చూడలేదు.

ఇప్పుడా కోటు ఎదురొస్తే ఏం చేస్తారని అడిగాం, అంది అమ్మాయి. గుండీలు సరిగా పెట్టుకున్నారో లేదో చూసి ముందుకెళ్ళిపోతా అన్నారు. మీకు అనుమతి ఇవ్వకపోతే ఏం చేస్తారు అని అడిగాం. దానికి ఆయన.

ఆయన?

ఆయన అన్నట్టే చెబుతున్నానమ్మా. ‘మేం వస్తే ఇద్దరం వస్తాం. మీరు వద్దంటే మేం ఇక్కడే ఉంటాం. మేం ఏమీ అనుకోం.’

మేం. ఆపరేటరమ్మ చెవులు నమ్మలేదు. ఎవర్నడిగి అన్నాడు ఆ మాట, ఇక్కడే ఉంటామని? ఒక్క ముక్క తనతో అనకుండా! కోపం వచ్చింది, వస్తూ వస్తూ దారిలోనే నీళ్ళయిపోయింది. ఊళ్ళో కుక్కపిల్లనైనా మనం అని కలుపుకునే మనిషి నోట మేం అన్న మాట ఆమె ఒక్కసారి కూడా వినలేదు. తమ్ముడు మొహాన మూసిన తలుపది. ఇప్పుడు అదే తలుపు మూసుకుంది, ఆఫీసరు బయటుండిపోయాడు, ఈ అమ్మాయి బయటుండిపోయింది, కాజాలాయనా ఏజెంటూ తమ్ముడూ అందరూ బయటే, లోపల ఇద్దరే ఉన్నారు. తను లోపలుంది. ఆ మాటని ఆఫీసరుగారికి మీరెలా చెప్పారమ్మా, మేం అన్నదాన్ని, అని అడిగింది. వాళ్ళ భాషలో మనానికీ మేముకీ ఒకటే మాటండీ, అంది అమ్మాయి. పాపం ఆఫీసరు, తనని బయటికి పంపి తలుపేసిన సంగతి అతనికి తెలియనే తెలియదు.

ఆఫీసరు ఆమెనే చూస్తూ ఓ ప్రశ్న వేశాడు. ఈ సంగతి మీకు ముందు తెలుసా, అని అడుగుతున్నారమ్మా, అంది అమ్మాయి, కాస్త మెల్లగా, ఆలోచించి చెప్పండి అన్నట్టు. తెలియదంటే ఆయన ఈమెని మోసగించినట్టు లెక్క, ఆ లెక్కకి ఆపరేటరమ్మ సాక్షి. ఆలోచించనక్కర్లేకపోయింది. ఇన్నాళ్ళు ముల్లులా మోసిన అనుమానం ఒక్క మాటకి పనికొచ్చింది.

“తెలుసండీ,” అంది. “మొదట్నుంచీ తెలుసు. ఆయనకి ఆ దేశానికి దారి కావాలి, నాకు మా తమ్ముడింట్లోంచి దారి కావాలి. ఎవరి దారి వాళ్ళు చూసుకునే బయల్దేరాం.”

అమ్మాయి అది ఎలా చెప్పిందో ఏమో, ఆఫీసరు పెన్ను తీసుకుని ఏదో రాసుకున్నాడు. తరవాత, కబురు పంపుతాం, వెళ్ళిరండి, అన్నాడు. అవునో కాదో మొహంలో అక్షరమ్ముక్క లేదు.

బయట దర్జీ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో నీళ్ళ సీసా, మూత తియ్యలేదు.

“మీరన్నదంతా వినిపించారు,” అంది.

ఆయన తల దించుకున్నాడు. కోటు వంక చూస్తూ, “గుండీలు పడుతున్నాయా?” అన్నాడు.

“పడుతున్నాయి.”

లెక్కల టీచరు కుర్చీలోంచి మెడ సాచింది. “ఏమైందండీ, వచ్చినట్టేనా? ఎప్పుడు వెళ్తున్నారు?”

ఆపరేటరమ్మ ఆయన చేతిలోంచి నీళ్ళ సీసా తీసుకుని రెండు గుక్కలు తాగి, తిరిగి ఆయన చేతికిచ్చింది.

“తెలియదండీ,” అంది. “ప్రస్తుతానికి మేం ఇంటికెళ్తున్నాం.”